పైన్ చెట్టుకు క్రోమోజోములు 12 జతలే, డీఎన్‌ఏ మాత్రం మనిషికి ఏడింతలు: ఎందుకలా?

మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో ఎక్కడికి వెళ్లినా ఇసుకలో సరుగుడు తోపులు కనిపిస్తాయి. సూదుల్లాంటి ఆకులు, గాలి తగిలితే హోరు, కింద రాలిన గరుకు కాయలు. బీచ్‌కి వచ్చినవాళ్లు ఆ నీడలో ఫొటో దిగి దాని కింద 'పైన్ ఫారెస్ట్' అని రాసుకుంటారు. ఇంకోపక్క ఫోన్లో అప్పుడప్పుడూ ఒక సైన్స్ వార్త తిరుగుతుంటుంది: పైన్ చెట్టు జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ, మనిషి జీనోమ్‌కి ఏడింతలు, పదింతలు అని. రెండూ కలిసి కొన్ని అపోహలు పుట్టిస్తున్నాయి. మన సరుగుడుకీ అంత డీఎన్‌ఏ ఉందనీ, డీఎన్‌ఏ ఎక్కువైతే క్రోమోజోములూ ఎక్కువుంటాయనీ, పెద్ద జీనోమ్ ఉంటే 'ముందుకెళ్లిన' జీవి అనీ అనుకుంటున్నారు. ఈ మూడూ తప్పే. ఎలా తప్పో చెప్పుకుంటూ పోతే, భూమ్మీది వింత జీనోముల్లో ఒకటి ఎలా తయారైందో తెలుస్తుంది.

సరుగుడు సంగతి ముందే తేల్చేద్దాం. దాని 'సూది'ని రెండు చేతులా పట్టి లాగితే కణుపు దగ్గర పుటుక్కున ఊడిపోతుంది. అది ఆకు కాదు, పచ్చటి సన్నని రెమ్మ. అసలు ఆకులు కణుపు చుట్టూ కనీకనబడని పొలుసులుగా ఉంటాయి. సరుగుడు వేపలాగా, మామిడిలాగా పూలు పూసే మొక్కే. ఆవృతబీజాల కోవలోది. పైన్, దేవదారు, స్ప్రూస్, సైప్రస్ లాంటివి పువ్వు లేకుండా శంకువు పొలుసుల మీద విత్తనాన్ని కప్పు లేకుండా మోసే కోనిఫర్లు. అవి వివృతబీజాలు. సరుగుడు జీనోమ్ 2019లో చదివారు. సుమారు 30 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, 9 జతల క్రోమోజోములు (అక్షరమంటే ఏమిటో కింద చెబుతాను). అమెరికాలో విరివిగా పెంచే లోబ్లాలీ పైన్‌కి 2,200 కోట్ల అక్షరాలు, 12 జతలు. చూపుకి అన్నదమ్ముల్లా ఉన్న ఈ రెండు చెట్ల డీఎన్‌ఏకి మధ్య తేడా 70 రెట్ల పైమాటే.

సంఖ్య, ఆకారం, పరిమాణం: మూడు వేర్వేరు లెక్కలు

డీఎన్‌ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలతో సాగే పొడవాటి పోగు. ఒక జీవికి ఉన్న ఒక పూర్తి సెట్ డీఎన్‌ఏని జీనోమ్ అంటాం. అందులో ప్రోటీన్ల తయారీకి సూచన ఉన్న ముక్కలు జన్యువులు. ఆ పోగు ఒకే తునకగా ఉండదు. కొన్ని తునకలుగా ఉండి, ఒక్కోటీ హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. కణం విభజన చెందేటప్పుడు ఇంకా దట్టంగా ముడుచుకుని సూక్ష్మదర్శినిలో కడ్డీలా కనిపిస్తుంది. అదే క్రోమోజోమ్. దాని నడుము నొక్కినట్టుండే చోటు సెంట్రోమియర్. విభజనలో లాగే దారాలు పట్టుకునేది అక్కడే. రెండు కొసలకీ అరగకుండా కాపు కాసేవి టెలోమియర్లు.

మామూలు కణంలో తల్లి నుంచి ఒక సెట్, తండ్రి నుంచి ఒక సెట్ ఉంటాయి. ఇది ద్వయస్థితిక కణం. అండం, పుప్పొడి లాంటి వాటిలో ఒకటే సెట్, అంటే ఏకస్థితికం. వరికి 24 క్రోమోజోములు అంటే 12 జతలు అని అర్థం. పాతకాలపు మొలగొలుకులకైనా, నెల్లూరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449కైనా అంతే.

ఆకారం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒంగోలు గిత్తని మించిన ఉదాహరణ లేదు. ఆవు జాతికి 60 క్రోమోజోములు. అందులో 29 జతలకు సెంట్రోమియర్ ఒక కొసన ఉంటుంది. లింగ నిర్ణయం చేసే వై క్రోమోజోమ్ దగ్గరకి వచ్చేసరికి తేడా వస్తుంది. ఒంగోలు లాంటి మూపురం జాతుల్లో దాని సెంట్రోమియర్ కొసన ఉంటే, యూరప్ జాతుల్లో మధ్యకి జరిగి ఉంటుంది. సంఖ్య ఒకటే, అమరిక వేరు. బ్రెజిల్‌లో మన నెల్లూరు పేరుతోనే పిలిచే, ఒంగోలు సంతతికి చెందిన నెలోర్ పశువులు కోట్లలో ఉన్నాయి. ఒక ఎద్దు మగ వారసత్వం మూపురం జాతిదా, యూరప్ జాతిదా అన్నది ఆ ఒక్క క్రోమోజోమ్ ఆకారం చూసి చెప్పొచ్చు.

ఇక పరిమాణం, అంటే ఎన్ని అక్షరాలు అన్నది మూడో లెక్క. ఒకదాన్ని బట్టి ఇంకోటి ఊహించకూడదు. కోనిఫర్లలో ఈ మూడూ మూడు దారుల్లో నడిచాయి.

పది కోట్ల ఏళ్లుగా చెదరని పన్నెండు

పైన్, స్ప్రూస్, ఫర్, లార్చ్, దేవదారు అన్నీ ఒకే కుటుంబం. వందల జాతులున్న ఈ కుటుంబంలో దాదాపు అన్నిటికీ క్రోమోజోములు 12 జతలే. పైన్‌లో అయితే 11 జతలు ఇంచుమించు ఒకే పొడవు, సెంట్రోమియర్ నట్టనడుమ. పన్నెండోది మాత్రం కాస్త పొట్టి, దాని నడుము ఒక పక్కకి జరిగి ఉంటుంది. మామూలు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏది ఏదో గుర్తుపట్టడమే కష్టం. అందుకే మెరిసే రంగు తగిలించిన డీఎన్‌ఏ ముక్కల్ని అతికించి, ఏ చోట ఏ వరుస వెలిగిందో చూసి గుర్తిస్తారు. అలా చూసినప్పుడే ఒక విచిత్రం బయటపడింది. కొసల్లో మాత్రమే ఉండాల్సిన టెలోమియర్ వరుసలు పైన్ క్రోమోజోముల మధ్య భాగాల్లోనూ కనిపించాయి. ఎప్పుడో రెండు క్రోమోజోములు కొసలు కలిపి అతుక్కున్న గుర్తులు అవి అని ఒక ఊహ. కాదు, ఆ వరుస ఎలాగో లోపలికి చేరి అక్కడ పదేపదే పెరిగిందంతే అని ఇంకో ఊహ. అవి ఉన్న చోట్లు చాలా ఎక్కువ కాబట్టి రెండోదే నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది. అన్ని అతుకులు పడి ఉంటే సంఖ్య ఇంత నిలకడగా ఉండేది కాదు.

మినహాయింపులు లేకపోలేదు. డగ్లస్ ఫర్‌కి 13 జతలు. ఒక క్రోమోజోమ్ నడుము దగ్గర విరిగి రెండయిందని చెబుతారు. చైనాలో పెరిగే గోల్డెన్ లార్చ్‌కి 22 జతలు. మిగతా కోనిఫర్ కుటుంబాలకి వాటి వాటి అంకెలున్నాయి. సైప్రస్ కుటుంబంలో 11 జతలు ఎక్కువ. ఆఫీసుల ముందు కుండీల్లో పెంచే థూజా అందులోదే. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరౌకేరియాకి 13.

సంఖ్య ఒకటే కావడం కాకతాళీయం కూడా కావచ్చు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. వరికీ 12 జతలే, అంతమాత్రాన అది పైన్‌కి చుట్టం కాదు. దానికి జవాబు జన్యువుల వరుసలో దొరికింది. స్ప్రూస్‌లో ఒక క్రోమోజోమ్ మీద జన్యువులు ఏ క్రమంలో ఉన్నాయో, పైన్‌లోనూ చాలావరకు అదే క్రమం. ఈ రెండూ విడిపోయి పది కోట్ల ఏళ్లు దాటింది. అదే కాలంలో పూల మొక్కల క్రోమోజోములు విరిగి, తలకిందులై, ఒకదానితో ఒకటి కలిసి, రెట్టింపై, మళ్లీ తగ్గి గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి.

పది కోట్ల ఏళ్లంటే ఎంతో తెలియడానికి ఒంగోలు చుట్టుపక్కల నేలే ఆధారం. వేమవరం, బూదవాడ పేర్లతో భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే రాతి పొరల్లో డైనోసార్లు తిరిగిన క్రిటేషియస్ యుగం తొలినాళ్ల, అంటే పది కోట్ల ఏళ్లకి పైబడిన, మొక్కల అచ్చులున్నాయి. వాటిని శిలాజ మొక్కల శాస్త్రవేత్త ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే వర్ణించాడు. అందులో సైకస్ లాంటి ఆకులతో పాటు కోనిఫర్ కొమ్మలూ ఉన్నాయి. అంటే ఇవాళ ఒక్క కోనిఫర్ కూడా సొంతంగా మొలవని ఈ నేల మీద ఒకప్పుడు అవే చెట్లు. అయితే అవి పైన్ కుటుంబానివి కావు. పైన్ పూర్వీకులు ఉత్తరాది ఖండాల్లో ఉండేవి. ఇక్కడివి దక్షిణాది ఖండాల మీద విస్తరించిన అరౌకేరియా లాంటి వాటి తరహావి. దక్కన్‌లో వాటి వంశం తుడిచిపెట్టుకుపోయింది. దక్షిణ భారతంలో సహజంగా మిగిలిన కోనిఫర్ పడమటి కనుమల్లోని నగీయా ఒక్కటే. అరకు వైపు కనిపించే పైన్లు నాటినవి.

లెక్క వేసి చూస్తే

అంకెలు గాలిలో వదిలేస్తే 2,200 కోట్లు అన్న మాట చెవికి తగులుతుంది గానీ మనసుకి ఎక్కదు. కాగితం మీద పెడదాం.

2005లో అంతర్జాతీయ బృందం పూర్తి చేసిన వరి జీనోమ్ సుమారు 39 కోట్ల అక్షరాలు. 12తో భాగిస్తే ఒక్కో క్రోమోజోమ్‌కి సగటున మూడుంపావు కోట్లు. లోబ్లాలీ పైన్‌ని అలాగే 12తో భాగిస్తే 183 కోట్లు. అంటే ఒక్క పైన్ క్రోమోజోమ్‌లో వరి జీనోములు మొత్తానికి మొత్తం నాలుగు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. మనిషి జీనోమ్ సుమారు 310 కోట్లు. మనలో అన్నిటికన్నా పెద్దదైన ఒకటో క్రోమోజోమ్ దాదాపు 25 కోట్లు. సగటు పైన్ క్రోమోజోమ్ దానికి ఏడింతలు.

పొడవు చూద్దాం. డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం మెట్టు 0.34 నానోమీటర్లు. 2,200 కోట్లని దానితో గుణిస్తే ఏడున్నర మీటర్లు. కణంలో రెండు సెట్లుంటాయి కనుక 15 మీటర్లు. మనిషి కణంలో అది రెండు మీటర్లే. పైన్ చెట్టులో కొత్త కణం పుట్టిన ప్రతిసారీ ఈ 15 మీటర్లనీ మొదటి నుంచి చివరి దాకా నకలు తీయాలి, చిక్కు పడకుండా సర్దాలి, సమంగా పంచాలి. ఏడాదిలో మొలిచి, విత్తనమిచ్చి, చచ్చిపోయే కోనిఫర్ ఒక్కటి కూడా లేకపోవడానికి ఈ బరువు ఒక కారణం కావచ్చని కొందరి అభిప్రాయం.

మిగతావాటి పరిమాణాలూ ఈ స్థాయిలోనే ఉన్నాయి. 2013లో చదివిన నార్వే స్ప్రూస్ 2,000 కోట్లు. 2016లో షుగర్ పైన్ 3,100 కోట్లు. డగ్లస్ ఫర్ 1,600 కోట్లు. 2022లో పన్నెండు క్రోమోజోముల స్థాయికి కూర్చిన చైనా పైన్ 2,540 కోట్లు.

మరి జన్యువులు? నార్వే స్ప్రూస్‌లో గట్టి ఆధారంతో గుర్తించినవి 28,354. మనిషికి ఇరవై వేల చిల్లర. సరుగుడుకి ముప్పై వేల దరిదాపు. చైనా పైన్‌లో మాత్రం 80 వేల పైచిలుకు లెక్కించారు. దేన్ని జన్యువుగా ఒప్పుకోవాలన్న నియమం బట్టి కూడా ఈ అంకె మారుతుంది, కాబట్టి దాన్ని స్ప్రూస్ అంకె పక్కన నేరుగా పెట్టి పోల్చకూడదు. ఏ లెక్క తీసుకున్నా డీఎన్‌ఏ పెరిగినంతగా జన్యువులు పెరగలేదు. ఒక్కో జన్యువులో ప్రోటీన్‌కి పనికొచ్చే భాగం సుమారు వెయ్యి అక్షరాలనుకుంటే, 28 వేల జన్యువులకి 2 కోట్ల 80 లక్షలు. రెండు వేల కోట్లలో అది వెయ్యో వంతుకి కాస్త ఎక్కువ. మిగతాదంతా ఏమిటి?

తమని తాము నకలు తీసుకునే ముక్కలు

డీఎన్‌ఏలో కొన్ని ముక్కలు ఉన్న చోట ఉండవని 1940లలో మొక్కజొన్న గింజల రంగులు పరిశీలిస్తూ బార్బరా మెక్‌క్లింటాక్ గుర్తించారు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1983లో నోబెల్ వచ్చింది. ఇలా కదిలే వాటిని ట్రాన్స్‌పోజాన్లు అంటారు. వాటిలో ఒక రకం లేచి వేరే చోటికి వెళ్లిపోతుంది. ఇంకో రకం, రెట్రోట్రాన్స్‌పోజాన్, అసలు కాగితం ఫైల్లోనే ఉంచి జిరాక్స్ తీసి ఆ కాపీని ఇంకో ఫైల్లో దూర్చినట్టు చేస్తుంది. ముందు ఆర్‌ఎన్‌ఏ అనే డీఎన్‌ఏ తరహా అణువుగా నకలు తీసుకుని, దాన్ని మళ్లీ డీఎన్‌ఏగా మార్చి, వేరే చోట చొప్పిస్తుంది. అసలుదీ ఉంటుంది, నకలూ ఉంటుంది. నకలు మళ్లీ నకళ్లు తీస్తుంది.

కోనిఫర్ జీనోమ్‌లో డెబ్బై శాతం, కొన్నింట్లో అంతకన్నా ఎక్కువ, ఇలాంటి పదేపదే వచ్చే వరుసలే. జిప్సీ, కోపియా అనే రెండు కుటుంబాల రెట్రోట్రాన్స్‌పోజాన్లది పెద్ద వాటా.

ఇవి ఎప్పుడు చేరాయో చెప్పడానికి చక్కటి కిటుకు ఉంది. ఈ ముక్కకి రెండు కొసల్లోనూ ఒకే వరుస ఉంటుంది. చొప్పించిన రోజున రెండు కొసలూ అచ్చు ఒకటే. ఆ తర్వాత దేని మార్పులు దానివి. ఉదాహరణకి ఒక్కో కొస వెయ్యి అక్షరాలుంది, ఇవాళ పోల్చితే 20 చోట్ల తేడా ఉంది, అంటే 2 శాతం. ఒక అక్షరం ఏడాదిలో మారే అవకాశం 100 కోట్లలో ఒక వంతు అనుకుందాం. రెండు కొసలూ విడివిడిగా మారుతున్నాయి కాబట్టి తేడా దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుంది. 2 శాతానికి చేరడానికి కోటి ఏళ్లు. వేగం అంచనా మారితే వయసూ మారుతుంది కనుక ఇది కచ్చితమైన తేదీ కాదు, ముందువెనకల లెక్క.

నార్వే స్ప్రూస్ బృందం ఇలా లెక్కించినప్పుడు ఒకే ఒక్క పెద్ద ఉప్పెన కనిపించలేదు. కోట్ల ఏళ్ల పొడుగునా కొంచెం కొంచెం చేరుతూ వచ్చింది. మొక్కజొన్న లాంటి వాటిలో ఈమధ్యే, అంటే కొన్ని లక్షల ఏళ్ల లెక్కలో, ముక్కలు ఒక్కసారి పొంగాయి. కోనిఫర్లలో పాతవి అలా పడి ఉన్నాయి, కొత్తవి వాటి మీద చేరాయి.

అసలు తేడా తీసేయడంలో ఉంది

ఇక్కడే చాలామంది పొరబడతారు. కోనిఫర్లలో ఈ ముక్కలు మరీ చురుగ్గా ఉండబట్టే జీనోమ్ ఉబ్బిందనుకుంటారు. చేరడం అన్ని మొక్కల్లోనూ ఉంది. వరి చేసి, పైన్ చెయ్యని పని చేరినదాన్ని ఊడగొట్టడం.

రెండు కొసల వరుసలు ఒకటే కనుక, అప్పుడప్పుడు అవి ఒకదానితో ఒకటి జతకట్టి, మధ్య భాగం వలయంలా ఊడిపోతుంది. అక్కడ ఒక్క కొస మాత్రమే ఒంటరిగా మిగులుతుంది. జీనోమ్‌లో ఇలాంటి ఒంటరి కొసలెన్ని ఉన్నాయో లెక్కిస్తే, ఎంత తీసేశారో తెలుస్తుంది. వరిలో ఇవి పుష్కలం. గత 80 లక్షల ఏళ్లలో వరి కనీసం 19 కోట్ల అక్షరాల మేర ఇలాంటి సరుకు వదిలించుకుందని 2004లో ఒక అంచనా వచ్చింది. ఇప్పుడున్న వరి జీనోమ్‌లో అది దాదాపు సగం! నార్వే స్ప్రూస్‌లో ఒంటరి కొసలు చాలా తక్కువ. చేరినవి చేరినట్టే ఉన్నాయి.

ఇంకో తేడా కాపలాలో ఉంది. పూల మొక్కల్లో 24 అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఈ ముక్కల్ని గుర్తించి, వాటి మీద మిథైల్ అనే రసాయన గుర్తులు వేయించి నోరు నొక్కేస్తాయి. స్ప్రూస్‌లో అవి ప్రత్యుత్పత్తి భాగాల్లో తప్ప పెద్దగా కనిపించలేదు. అలాగని కోనిఫర్లు వీటిని విచ్చలవిడిగా వదిలేశాయనుకోవద్దు. చైనా పైన్‌లో ఈ ముక్కల మీద మిథైల్ గుర్తులు దట్టంగా ఉన్నాయి. అంటే నోరు నొక్కారు గానీ బయటికి పంపలేదు. దట్టంగా మూసేసిన డీఎన్‌ఏలో కొసలు జతకట్టి ఊడిపోవడమూ తక్కువే. మెల్లగా తొలగడం, దానికి తోడు ఆ మూత, ఈ రెండూ కలిసి జీనోమ్‌ని పెంచి ఉండొచ్చని చైనా పైన్ జీనోమ్ చదివిన బృందం అభిప్రాయం.

ఈ సరుకు జన్యువుల మధ్యే కాదు, జన్యువుల లోపలా చేరింది. జన్యువులో ప్రోటీన్‌కి పనికొచ్చే భాగాలు ఎక్సాన్లు, మధ్యలో వచ్చి ఆర్‌ఎన్‌ఏ దశలో కత్తిరించి పారేసేవి ఇంట్రాన్లు. పూల మొక్కల్లో ఇంట్రాన్ సాధారణంగా కొన్ని వందల అక్షరాలు. చైనా పైన్‌లో సగటే పది వేలు దాటుతుంది. లోబ్లాలీలో లక్ష దాటినవీ ఉన్నాయి.

పొగాకు దారి, రెడ్‌వుడ్ దారి

జీనోమ్ పెరగడానికి ముక్కలు చేరడం ఒక్కటే మార్గం కాదు. సెట్టు మొత్తం రెట్టింపు కావడం రెండోది. దాన్ని పాలీప్లాయిడీ అంటారు. ప్రకాశం జిల్లా రైతుకి బాగా తెలిసిన పొగాకు ఇలాంటిదే. దక్షిణ అమెరికాలో ఒక్కోదానికి 24 క్రోమోజోములున్న రెండు అడవి జాతులు కలిసి 48 ఉన్న పొగాకు పుట్టింది. అదీ గత రెండు లక్షల ఏళ్ల లోపే. ఇవాళ ఎక్కువగా వేసే పత్తి, వేరుశనగ కూడా ఇలా రెండు జాతుల కలయికలే. పూల మొక్కల చరిత్ర అంతా ఈ రెట్టింపులతో నిండి ఉంది.

కోనిఫర్లలో ఇది అరుదు. కొల్చిసిన్ మందుతో కావాలని రెట్టింపు చేసిన పైన్ మొక్కలు చాలావరకు గిడసబారిపోయాయి. కానీ ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తు పెరిగే చెట్టు, కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్, ఈ నియమాన్ని ఉల్లంఘించింది. దానికి 66 క్రోమోజోములు, అంటే 11 చొప్పున ఆరు సెట్లు.

ఇక్కడ ఒక లెక్క వేస్తే విషయం బాగా తెలుస్తుంది. రెడ్‌వుడ్ ఏకస్థితిక జీనోమ్ సుమారు 2,650 కోట్లు. ఆరు సెట్లున్న చెట్టు కాబట్టి, ఏకస్థితికంలోనూ మూడు సెట్లు ఉంటాయి. మూడుతో భాగిస్తే 880 కోట్ల చిల్లర. దాని దగ్గరి చుట్టం జెయింట్ సెక్వోయా మామూలు ద్వయస్థితిక చెట్టు, 11 జతలు. దాని జీనోమ్ 813 కోట్లు. రెండూ దగ్గర దగ్గర. షుగర్ పైన్ 3,100 కోట్లకి 12 క్రోమోజోములతోనే చేరితే, రెడ్‌వుడ్ దాదాపు అంత పరిమాణానికి సెట్లు పెంచుకుని చేరింది. పరిమాణం చూసి ఏ దారిన వచ్చిందో చెప్పలేం.

ఆ ఆరు సెట్లు రెండు మూడు వేర్వేరు జాతుల కలయిక వల్ల వచ్చాయా, ఒకే జాతి తన సెట్లనే పెంచుకుందా అన్నది చాలా కాలం వాదనగా నడిచింది. చైనాకి చెందిన మెటాసెక్వోయా అనే చెట్టు పూర్వీకురాలని ఒకప్పుడు అనుకున్నారు. ఇటీవలి డీఎన్‌ఏ ఆధారాలు ఒకే జాతి సొంత రెట్టింపు వైపే మొగ్గుతున్నాయి. అలా వచ్చిన సెట్లు త్వరగా వేరుపడి స్థిరపడాలి. లేకపోతే అండం, పుప్పొడి తయారయ్యే క్షయకరణ విభజనలో ఏ క్రోమోజోమ్ దేనితో జతకట్టాలో తేలక విత్తనం నిస్సారమవుతుంది. కోనిఫర్లలో అన్ని మార్పులూ నిదానం కనుకే ఇది అరుదని ఒక వివరణ. రెడ్‌వుడ్ విత్తనాల్లో చాలావరకు మొలవవు, కానీ మొదలు నుంచి కొత్త పిలకలు వేస్తుంది. విత్తనం మీద పూర్తిగా ఆధారపడకపోవడం దాన్ని బతికించి ఉండొచ్చు.

పురాతన కాలంలో రెట్టింపు జరిగిందా?

ఇప్పుడు తేలని పంచాయితీకి వద్దాం. నేటి పైన్లలో రెట్టింపు గుర్తు లేదు సరే, 20, 30 కోట్ల ఏళ్ల కిందట జరిగి ఉండొచ్చు కదా?

దీనికి వాడే పద్ధతి సూటిగానే ఉంటుంది. జీనోమ్‌లో జంటగా ఉన్న జన్యువులన్నీ తీసి, ఒక్కో జంట మధ్య ఎంత తేడా ఉందో లెక్కిస్తారు. జన్యువులు ఒకటొకటిగా రెట్టింపవుతూ ఉంటే రకరకాల వయసులు కనిపిస్తాయి. ఒకే కాలంలో అన్నీ ఒకేసారి రెట్టింపైతే, ఆ వయసు దగ్గర జంటల గుంపు కుప్పలా కనిపిస్తుంది. 2015లో అనేక వివృతబీజాల జన్యువులతో చేసిన అధ్యయనంలో అలాంటి కుప్పలు కనిపించాయనీ, పైన్ కుటుంబ పూర్వీకుల్లో ఒకసారి, సైప్రస్ తదితరుల పూర్వీకుల్లో ఇంకోసారి రెట్టింపు జరిగిందనీ రాశారు.

ఎదుటి పక్షం అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అంత పాత కాలానికి ఒకే చోట మార్పు మీద మార్పు పడి, తేడాలు లెక్కకి అందవు. పైగా రెట్టింపు జరిగితే క్రోమోజోముల మీద జంట జన్యువులు వరుస వరుసగా, అదే క్రమంలో ఇంకో చోట కనిపించాలి. చైనా పైన్‌ని క్రోమోజోముల స్థాయిలో కూర్చాక చూస్తే ఇటీవలి రెట్టింపు ఆనవాలు లేదు. 91 శాతం జన్యువులు చెల్లాచెదురుగా ఒక్కొక్కటిగా రెట్టింపైనవే. అయితే ఇరవై కోట్ల ఏళ్లలో ట్రాన్స్‌పోజాన్లు చొరబడి పాత వరుసని చెదరగొట్టి ఉండొచ్చని మొదటి పక్షం అనగలదు. కానీ స్ప్రూస్, పైన్‌ల మధ్య పది కోట్ల ఏళ్ల వరుస చెదరకుండా ఉన్నప్పుడు అంతకుముందు మాత్రం అంతగా చెదిరిందనడం నన్ను పూర్తిగా ఒప్పించదు. విత్తన మొక్కలన్నిటి ఉమ్మడి పూర్వీకులకి సంబంధించి 2011లో ప్రతిపాదించిన ఇంకా పాత రెట్టింపు మీద కూడా వాదన ఉంది.

ఒక్క గింజతో చదివిన జీనోమ్

ఇన్ని కోట్ల అక్షరాల్ని చదవడంలో టెన్షన్ పొడవు వల్ల రాదు, ఒకేలా ఉండే ముక్కల వల్ల వస్తుంది. యంత్రం ఒక్కసారికి వంద, రెండు వందల అక్షరాలే చదివితే, లక్షల చోట్ల కనిపించే వరుస ఎక్కడిదో చెప్పలేం. దానికి తోడు తల్లి సెట్, తండ్రి సెట్ కలిసి ఉంటే గందరగోళం రెట్టింపు.

ఇక్కడ కోనిఫర్ శరీర నిర్మాణమే సాయపడింది. వివృతబీజాల్లో అంకురచ్ఛదం (గింజలో మొలకకి ఆహారమిచ్చే భాగం) ఏకస్థితికం అని నీట్‌కి చదివే ప్రతి పిల్లా, పిల్లవాడూ బట్టీ పడతారు. వరిలో తెల్లటి బియ్యం భాగం ఫలదీకరణ తర్వాత పుట్టి మూడు సెట్లతో ఉంటుంది. పైన్ గింజలో ఆ స్థానంలో ఉండేది ఫలదీకరణకి ముందే పెరిగే తల్లి వైపు కణజాలం. అందులో ఒకటే సెట్. డ్రైఫ్రూట్ షాపులో ఖరీదు పెట్టి కొనే చిల్గోజాలో మనం నమిలేది ఎక్కువగా అదే. లోబ్లాలీ పైన్ విషయంలో ఒకే ఒక్క గింజలోని ఆ కణజాలం నుంచి తీసిన డీఎన్‌ఏతోనే ప్రధాన భాగం చదివి, 2014లో ప్రకటించారు. తర్వాత వేల అక్షరాల్ని ఒకేసారి చదివే యంత్రాలు, కేంద్రకంలో ఏ ముక్క దేని పక్కన ఉందో చెప్పే పద్ధతులు వచ్చాక క్రోమోజోముల స్థాయికి చేరారు.

కోనిఫర్ వారసత్వంలో ఇంకో తిరకాసు ఉంది. మామూలుగా పూల మొక్కల్లో హరితరేణువు డీఎన్‌ఏ తల్లి నుంచి వస్తుంది. కోనిఫర్లలో పుప్పొడి ద్వారా తండ్రి నుంచి వస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలకీ సొంత డీఎన్‌ఏ ఉంటుంది, పైన్‌లో అది తల్లిది. రెడ్‌వుడ్‌లో అదీ తండ్రిదే. దీనివల్ల పైన్ అడవిలో పుప్పొడి ఎంత దూరం ఎగిరిందో ఒక డీఎన్‌ఏ, గింజ ఎంత దూరం పడిందో ఇంకో డీఎన్‌ఏ చెబుతాయి.

ఇదంతా చెత్తేనా?

ఉల్లిపాయకి మనకన్నా ఐదింతల డీఎన్‌ఏ ఉంది, సుమారు 1,600 కోట్లు. ప్రతి అక్షరానికీ పని ఉందని ఎవరైనా అంటే, మరి ఉల్లికి మనిషికన్నా ఐదింతలు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పమని ర్యాన్ గ్రెగరీ అనే శాస్త్రవేత్త సవాలు విసిరాడు. పైన్‌కీ అదే ప్రశ్న. ఒకే కుటుంబంలో డగ్లస్ ఫర్ 1,600 కోట్లతో, షుగర్ పైన్ 3,100 కోట్లతో బతుకుతున్నాయి. అదనపు 1,500 కోట్లూ అవసరమే అనడం కష్టం.

కానీ పూర్తిగా పనికిరానిదనడానికీ వీల్లేని ఆధారాలున్నాయి. పొడవాటి ఇంట్రాన్ మోసుకు తిరగడం భారమైతే, ఎక్కువ పని చేసే జన్యువుల్లో అవి పొట్టిగా ఉండాలి. చైనా పైన్‌లో దానికి విరుద్ధం. పొడవాటి ఇంట్రాన్లున్న పెద్ద జన్యువులే ఎక్కువగా పనిచేస్తున్నాయి. ఇంట్రాన్ పొడవు పనిని పెంచిందా, లేక ఎప్పుడూ తెరిచి ఉండే జన్యువుల్లోకి ట్రాన్స్‌పోజాన్లు తేలిగ్గా దూరాయా? రెండూ ఒకే ఫలితం ఇస్తాయి.

ఇంకో సిద్ధాంతం ప్రకారం, జనాభా తక్కువున్న జీవుల్లో ప్రకృతి ఎంపిక బలహీనంగా ఉండి, కొంచెం హాని చేసే అదనపు డీఎన్‌ఏ కూడా పోగవుతుంది. బాక్టీరియాతో ఏనుగుని పోల్చినప్పుడు ఈ మాట బాగానే కుదురుతుంది. పైన్ దగ్గర తడబడుతుంది. గాలికి మైళ్ల దూరం ఎగిరే పుప్పొడి, ఖండాల పొడుగునా కోట్ల చెట్లు. ఇంత పెద్ద గుంపులో ఎంపిక బలహీనమనడం కుదరదు. అందుకని అదనపు డీఎన్‌ఏ భారం ఆ చెట్టుకి మనం అనుకున్నంత లేదేమో, నిదానంగా పెరిగి వందల ఏళ్లు బతికే జీవికి ఆ ఖర్చు లెక్కలోకి రాదేమో అని కొందరంటున్నారు.

దీన్ని ప్రయోగంతో తేల్చాలంటే ఒక ఇంట్రాన్‌ని పొట్టి చేసి, ఆ మొక్క పిల్లలు, వాటి పిల్లలు ఎలా ఉన్నాయో చూడాలి. ఆవాల జాతి చిన్న మొక్కలో ఆ పని కొన్ని నెలల్లో అవుతుంది. పైన్ తొలి శంకువు వేయడానికే చాలా ఏళ్లు పడుతుంది, పుప్పొడి పడ్డాక గింజ తయారవడానికి ఇంకో రెండేళ్లు.